ఈదురుగాలుల వారం: సూచన నిర్ణయంగా మారవలసిన అవసరం

వేసవి నెలలలో హైదరాబాద్ వాతావరణ కేంద్రం వెలువరించే సూచనలలో ఒక విషయం తరచుగా కనిపిస్తుంది. రాష్ట్రంలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో, గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో వీచే ఈదురుగాలులతో కూడిన వర్షాలు కురిసే అవకాశం ఉన్నదని దాని సారాంశం. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కార్యాలయాలలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ, అక్కడికి సుమారు గంట ప్రయాణ దూరంలోని శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాలలో కూరగాయలు, పూలు పండించే రైతుకూ చేరే సమాచారం ఇదొక్కటే. ఒకే మేఘం ఇద్దరి మీదుగానూ సాగిపోవచ్చు. అయితే ఉద్యోగి విషయంలో ఆ సమాచారం కొన్ని గంటలలోనే ఒక నిర్ణయంగా మారగలుగుతున్నది. రైతు విషయంలో అది చాలావరకు సమాచారంగానే మిగిలిపోతున్నది.

ఈ వ్యత్యాసానికి వాతావరణ శాస్త్రపు లోపం కారణం కాదు. సూచనకు, పనికి మధ్య నిలబడి, ఏ పనిని ఏ గంటకు ముందు ముగించాలో చెప్పే వ్యవస్థ ఒకచోట ఉండడం, మరొకచోట బలహీనపడడం దీనికి కారణం. అస్థిర వాతావరణం నెలకొన్న వారంలో ఆ లోటు స్పష్టంగా బయటపడుతుంది. దానిని పూరించగల స్థానంలో ఉన్నది వ్యవసాయ విస్తరణ వ్యవస్థయే.

అస్థిర వారపు స్వభావం

మార్చి నుంచి మే వరకు విదర్భ లేదా మరాఠ్వాడా నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా దక్షిణ తమిళనాడు వరకు ఒక ద్రోణి ఏర్పడడం సాధారణం. ఈ కాలంలో బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమగాలి, వాయవ్య దిశ నుంచి వచ్చే పొడిగాలి ఆ ప్రాంతంలో కలుసుకుంటాయి. పగటి ఎండకు వేడెక్కిన నేలపై గాలి పైకి లేస్తుంది. మధ్యాహ్నం గడిచేసరికి నిలువుగా పెరిగిన క్యుములోనింబస్ మేఘాలు ఏర్పడతాయి. వాటి నుంచి జారే చినుకులు కింది పొడి పొరలో కొంత ఆవిరై, ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి వేగంగా కిందికి దిగి, నేలను తాకి, నలువైపులా పరచుకుంటుంది. ఈదురుగాలి అంటే ఇదే. వాన కంటే ముందుగా గాలి రావడానికి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోవడానికి, కొన్నిసార్లు దుమ్ము రేగి చినుకు పడకుండానే గాలివాన ముగిసిపోవడానికి కారణం ఇందులోనే ఉన్నది.

ఇటువంటి ఒక్కొక్క మేఘపు ఆయుష్షు సుమారు అరగంట నుంచి గంట. దాని వెడల్పు కొద్ది కిలోమీటర్లు మాత్రమే. అందువలన ఒక గ్రామంలో మామిడి కాయ రాలిపోగా పొరుగు గ్రామంలో నేల తడవకపోవడం వింతేమీ కాదు. వాతావరణ గమనంలో ఆరంభ స్థితిలోని స్వల్ప భేదం కాలక్రమంలో పెద్ద భేదంగా పరిణమిస్తుందని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో నిరూపించాడు. ఎంత శక్తిమంతమైన కంప్యూటర్ నమూనా అయినా ఆ పరిమితిని పూర్తిగా దాటలేదు.

ఈ పరిమితిలో ఒక క్రమం ఉన్నది. ఐదు రోజుల ముందు, ప్రాంతమంతటా ఉరుముల వానకు అనుకూల పరిస్థితులు ఉన్నాయో లేవో చెప్పవచ్చు. ఒక రోజు ముందు, ఏ జిల్లాలలో అవకాశం ఎక్కువో చెప్పవచ్చు. రెండు మూడు గంటల ముందు, డాప్లర్ రాడార్ చిత్రం ఆధారంగా మేఘం ఏ మండలాల వైపు కదులుతున్నదో చెప్పవచ్చు. ఈ మూడు దశలలో లభించే జ్ఞానం వేరు, దానితో చేయగల పని వేరు. అన్నింటినీ ఒకే సూచనలో కలిపివేసినప్పుడు ఐదు రోజుల ముందు అందిన సమాచారానికి మూడు గంటల ముందటి కచ్చితత్వాన్ని ఆశించడం, అది నెరవేరకపోతే మొత్తం సూచననే నమ్మకపోవడం జరుగుతాయి.

మాటల బరువు

వాతావరణ శాఖ వాడే పదాలలో చాలావాటికి కచ్చితమైన నిర్వచనాలు ఉన్నాయి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో 25 శాతం వరకు, "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం, అంతకు మించితే "దాదాపు అన్ని చోట్ల" అని అర్థం. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తేనే దానిని భారీ వర్షం అంటారు. ఈ నిర్వచనాలు శాస్త్రవేత్తకు తెలుసు. రైతుకు మాత్రం "ఒకటి రెండు చోట్ల" అనే మాట తన ఊరికి సంబంధించనిదిగా వినిపిస్తుంది. వాస్తవానికి ఆ మాటలోనే నాలుగింట ఒక వంతు వరకు అవకాశం దాగి ఉండవచ్చు. ఆరబోసిన ధాన్యానికి అది చిన్న ప్రమాదం కాదు.

రంగుల హెచ్చరికలదీ ఇదే స్థితి. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వర్షపు పరిమాణానికి కొలబద్దలని సామాన్యుల భావన. నిజానికి సంఘటన జరిగే అవకాశాన్ని, జరిగితే కలిగే ప్రభావాన్ని కలిపి ఆ రంగును నిర్ణయిస్తారు. పసుపు రంగు అప్రమత్తంగా గమనించమని, నారింజ సిద్ధపడమని, ఎరుపు చర్య తీసుకోమని చెబుతాయి. దేనిని గమనించాలి, దేనికి సిద్ధపడాలి, ఏ చర్య తీసుకోవాలి అన్నది మాత్రం పంటను బట్టి, పంట దశను బట్టి మారుతుంది. దానిని ఏ రంగూ చెప్పలేదు.

గాలి విషయంలో అస్పష్టత మరింత ఎక్కువ. వ్యవసాయ వాతావరణ సలహా పత్రంలోని ఐదు రోజుల పట్టికలో వర్షపాతం, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, మేఘావరణం, గాలి దిశలతో పాటు గాలి వేగం కూడా ఉంటుంది. ఆ వేగం సగటు వేగం. ఉరుముల వాన హెచ్చరికలో పేర్కొనేది కొన్ని నిమిషాల పాటు విరుచుకుపడే గాలి ఉధృతి. ఒకే రోజున పట్టికలో 8 కిలోమీటర్లు, హెచ్చరికలో 40 నుంచి 50 కిలోమీటర్లు కనిపించవచ్చు. రెండూ నిజమే. ఈ భేదం వివరించని చోట పట్టికను చూసిన రైతు నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఉన్నది. పైగా గాలి కలిగించే ఒత్తిడి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. 30 కిలోమీటర్ల గాలి కంటే 60 కిలోమీటర్ల గాలి కలిగించే ఒత్తిడి నాలుగు రెట్లు. హెచ్చరిక "30 నుంచి 40" నుంచి "50 నుంచి 60"కు మారినప్పుడు చదువరికి అది ఇరవై అంకెల తేడా మాత్రమే. అరటి గెలకు, పందిరికి, షెడ్డు రేకుకు అది దాదాపు రెండున్నర రెట్ల భారం.

2024 మే 26 నాటి ఈదురుగాలులు ఈ భారాన్ని విషాదకరంగా చూపాయి. ఆ ఒక్క రోజున తెలంగాణలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో నిర్మాణంలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి మరణించినవారు కూడా వారిలో ఉన్నారు. వేసవి గాలివానను వర్షపు మిల్లీమీటర్లతో మాత్రమే కొలిచే అలవాటు ఎంత అసంపూర్ణమో ఆ రోజు తెలియజెప్పింది.

ఐటీ కారిడార్ నేర్పిన పాఠం

2023 జూలై చివరి వారంలో హైదరాబాద్‌లో ఎడతెరిపి లేని వర్షాలు కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలకు ఒక సలహా ఇచ్చారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ వరకు ఉన్న సంస్థల ఉద్యోగులు మధ్యాహ్నం 3 గంటలకు, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు ఉన్నవారు 4:30 గంటలకు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి ప్రాంతాలవారు 3 నుంచి 6 గంటల మధ్య లాగౌట్ చేయాలన్నది ఆ సలహా. అందులో ద్రోణి ప్రస్తావన లేదు, మిల్లీమీటర్ల లెక్క లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేయాలి అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉన్నది. ప్రపంచ వాతావరణ సంస్థ 2015లో మార్గదర్శకాలు వెలువరించిన "ప్రభావ ఆధారిత సూచన" భావన వెతుకుతున్నది కూడా ఈ నాలుగు సమాధానాలనే.

ఈ ఉదాహరణకు పరిమితులు ఉన్నాయి. కారిడార్‌లో కొద్ది చదరపు కిలోమీటర్లలో లక్షలాది ఉద్యోగులు కొన్ని వందల యాజమాన్యాల కింద పనిచేస్తారు. ఒక్క సందేశం యాజమాన్యానికి చేరితే చాలు. సలహా తప్పిపోయి వాన రాకపోయినా ఉద్యోగి జీతం తగ్గదు, పని ఇంటి నుంచి కొనసాగుతుంది. రైతుకు ఆ సౌకర్యం లేదు. అనవసరంగా కోసిన కాయకు, వాయిదా వేసిన పిచికారీకి మూల్యం చెల్లించేది అతడే.

కారిడార్‌లోనూ ఈ రక్షణ అందరికీ సమానం కాదు. 2024 మే 7 సాయంత్రం కురిసిన కుండపోత వానకు బాచుపల్లిలో నిర్మాణ స్థలంలోని గోడ కూలి ఏడుగురు మరణించారు. మృతులు అక్కడ పనిచేస్తున్న వలస కూలీల కుటుంబాలవారు. వారిలో ఒక చిన్నారి కూడా ఉన్నది. లాగౌట్ సమయాలు కార్యాలయ ఉద్యోగులను ఉద్దేశించినవి. రేకుల షెడ్డులో నివసించే కూలీకి ఏ గంటకు ఎక్కడికి తరలాలో చెప్పే సలహాను వేరుగా రూపొందించవలసి ఉన్నది. కాబట్టి అసలు విభజన నగరానికి, పల్లెకు మధ్య ఉన్నదని భావించడం సరికాదు. సూచనను తమ పనికి అన్వయించి చెప్పేవారు ఉన్న వర్గానికి, అటువంటివారు లేని వర్గానికి మధ్య ఆ విభజన ఉన్నది.

ఒకే సంభావ్యత, రెండు సరైన నిర్ణయాలు

"రైతులు తగిన జాగ్రత్తలు తీసుకోవాలి" అనే ముగింపు వాక్యం సలహా పత్రాలలో తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యం ఎందుకు చాలదో ఒక సులభమైన లెక్క వివరిస్తుంది. ధాన్యపు రాశిని కప్పడానికి టార్పాలిన్ల అద్దె, కూలి కలిపి 1,000 రూపాయలు, తడిస్తే కలిగే నష్టం 10,000 రూపాయలు అనుకుందాం. వాన పడే అవకాశం 10 శాతానికి మించితే కప్పడమే లాభం. మరొక రైతు మామిడి కాయలు పూర్తిగా పక్వానికి రాకముందే కోస్తే ధరలో 4,000 రూపాయలు కోల్పోతాడని, గాలికి రాలితే 10,000 రూపాయలు నష్టపోతాడని అనుకుందాం. గాలివాన అవకాశం 40 శాతానికి మించితేనే ముందుగా కోయడం సమంజసం. సూచనలో అవకాశం 25 శాతం అయితే మొదటి రైతు చర్య తీసుకోవడం, రెండవ రైతు వేచి ఉండడం, రెండూ సరైన నిర్ణయాలే.

సంభావ్యతను చెబితే రైతులు గందరగోళపడతారన్న అభ్యంతరం వినవస్తూ ఉంటుంది. ప్రతి వానాకాలం తొలకరికి విత్తాలా, మరొక వాన కోసం ఆగాలా అని తూచి చూసే రైతుకు అవకాశాల లెక్క కొత్త కాదు. శాతాలు కష్టమనిపిస్తే "ఇటువంటి పరిస్థితులలో నాలుగుసార్లలో ఒకసారి వాన పడుతుంది" అని చెప్పవచ్చు. చెప్పే తీరు సవరించుకోవాలి గాని, చెప్పవలసిన విషయాన్ని దాచరాదు.

దగ్గరైన సూచన, దూరమైన వివరణ

గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళవారం, శుక్రవారం వెలువడుతున్నాయి. రాజేంద్రనగర్, జగిత్యాల వంటి చోట్ల ఉన్న క్షేత్ర విభాగాలు దేశమంతటా సుమారు 130. వీటికి తోడుగా కృషి విజ్ఞాన కేంద్రాలలో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు ఏర్పాటయ్యాయి. వాటి సంఖ్య 199కి చేరింది. 2024 ఆరంభంలో వాటిని మూసివేశారు. అదే సంవత్సరం అక్టోబరులో గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనలు ప్రారంభమయ్యాయి. 2025 మే నెలలో 6 కిలోమీటర్ల సూక్ష్మతతో పనిచేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వినియోగంలోకి వచ్చింది. సూచన జిల్లా నుంచి పంచాయతీకి దిగివచ్చిన కాలంలోనే దానిని పంటకు అన్వయించే నిపుణుడు జిల్లా నుంచి వెనుదిరిగాడు.

సమాచారం నేరుగా ఫోన్‌కు చేరుతున్నప్పుడు మధ్యవర్తి అవసరమేమిటన్న వాదనలో కొంత బలం ఉన్నది. మేఘదూత్, దామిని వంటి యాప్‌లు ఉపయోగకరమైనవే. పిడుగు హెచ్చరిక వంటి అత్యవసర సందేశానికి మధ్యవర్తి ఆటంకమే అవుతాడు. కాని వరి ఏ దశలో ఉన్నది, కొనుగోలు కేంద్రంలో ఎంత ధాన్యం తూకానికి వేచి ఉన్నది, మండలంలో ఎన్ని టార్పాలిన్లు అందుబాటులో ఉన్నాయి అనే విషయాలు ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనిపించవు. 17 శాతం తేమ నిబంధన కోసం ధాన్యాన్ని రోజుల తరబడి ఆరబెట్టే రైతుకు కావలసిన సలహా ఈ విషయాలు తెలిసినవారే ఇవ్వగలరు. సూచన ఎంత సూక్ష్మమైతే ఆ స్థానిక జ్ఞానం అంత విలువైనదవుతుంది.

ఈ జ్ఞానానికి ఐటీ కారిడార్ నైపుణ్యం తోడైన సందర్భమూ ఉన్నది. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయాన్ని తెలుగు సంక్షిప్త సందేశాల ద్వారా తెలియజేశాయి. ఆ ప్రయత్నంలో గమనించదగినది సాంకేతికత ఒక్కటే కాదు. సందేశం ఒకే నిర్ణయానికి పరిమితమైంది: ఇప్పుడు విత్తాలా, ఆగాలా? సాధారణ ఫోన్‌లో కూడా చదవగలిగిన ఆ స్పష్టత అస్థిర వారపు సలహాకు సైతం ఆదర్శం కాదగినది.

వారపు సలహా ఎలా ఉండాలి

విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ కలిసి ఇటువంటి వారాలకు మూడు అంచెల సలహాను రూపొందించవచ్చు. మొదటి అంచె ఐదు రోజుల ముందటిది. అందులో వెనక్కి తీసుకోదగిన, ఖర్చు తక్కువైన పనులు మాత్రమే ఉండాలి. టార్పాలిన్లు సమకూర్చుకోవడం, అరటికి ఊతకర్రలు పెట్టడం, పందిళ్ల తీగలు బిగించడం, పొలంలో మురుగు కాలువలు శుభ్రపరచడం ఇటువంటివి. రెండవ అంచె ఒక రోజు ముందటిది. ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాత వస్తాయి గనుక ఉదయపు గంటలను ఏ పనికి వాడుకోవాలో ఇందులో చెప్పాలి. పిచికారీకి గాలి వేగం గంటకు 15 కిలోమీటర్లకు లోపు ఉండాలి. మందు ఆకుపై నిలిచేందుకు కావలసిన వాన లేని గంటలు కూడా మిగలాలి. ఆ వ్యవధి ఉదయం లభించకపోతే పిచికారీని, పైపాటు యూరియాను వాయిదా వేయమని స్పష్టంగా చెప్పాలి. మూడవ అంచె రెండు మూడు గంటల ముందటిది. ఇందులో ధాన్యం కప్పడం, పశువులను చెట్ల కింది నుంచి తరలించడం, మనుషులు రేకుల షెడ్లను, కొత్త గోడలను, ఒంటరి చెట్లను విడిచి గట్టి కట్టడంలోకి చేరడం తప్ప మరేదీ ఉండరాదు.

ప్రతి అంచెలోనూ గాలికి రెండు అంకెలు ఇవ్వాలి. సగటు వేగం పిచికారీకి, ఉధృతి వేగం నిర్మాణాలకు, తోటలకు. "అక్కడక్కడ" అనే మాట పక్కన దాని అర్థాన్ని అవకాశాల లెక్కలో చేర్చాలి.

దీనికి కొత్త సంస్థల కోసం ఎదురుచూడనవసరం లేదు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి, 2,601 రైతు వేదికలు ఉన్నాయి. విస్తరణ అధికారి ప్రతి వేసవి ఆరంభంలో తన క్లస్టర్‌లోని పంటల దశను, కల్లాలను, కోళ్ల షెడ్లను, కూలీల నివాసాలను ఒక పుటలో నమోదు చేసుకుంటే పంచాయతీ సూచనకు ప్రాణం వస్తుంది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలలో ఉండే విద్యార్థులు సూచన ఏమి చెప్పింది, వాస్తవంగా ఏమి జరిగింది, సలహా ఎన్ని గంటల ముందు అందింది, ఎవరు పాటించారు అనే నాలుగు అంశాలను రోజువారీగా రాయవచ్చు. రెండు మూడు వేసవుల నమోదుతో ఏ హెచ్చరికలు నిజమయ్యాయో, ఏవి తప్పాయో స్థానికంగా లెక్క తేలుతుంది.

ఆ లెక్కను బహిరంగంగా ప్రకటించడం విశ్వసనీయతకు మొదటి మెట్టు. తప్పిన హెచ్చరికలను దాచిపెట్టే వ్యవస్థ క్రమంగా స్పష్టమైన సలహా ఇవ్వడానికే వెనుకాడుతుంది. "జాగ్రత్తలు తీసుకోవాలి" అనే నిరపాయకరమైన మాట వెనుక తలదాచుకుంటుంది. ఆ మాట సలహా ఇచ్చినవారిని నిందనుంచి కాపాడుతుంది. కల్లంలోని ధాన్యాన్ని, గోడ పక్కన నిద్రించే కూలీని అది కాపాడలేదు. నాలుగింట ఒక వంతు అవకాశాన్ని దాచకుండా చెప్పి, దానికి తగిన పనిని గంటతో సహా సూచించినప్పుడే వాతావరణ సూచన విస్తరణ శాస్త్రంలో భాగమవుతుంది.